వెంకమ్మకే ఫుల్ హౌస్

బచేలి,
1991 జూన్, మొదటి వాన పడిన మర్నాడు

భూషణం బావకి,

నీ చెల్లెలి భర్త, ఒకప్పటి నీ పక్క కుర్చీ రామనర్సయ్య నమస్కరించి రాసేది. ఇక్కడ మేము కులాసా. హైదరాబాదులో నువ్వూ, మీ ఆవిడ రామక్కా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

విషయం ఏమిటంటే, మన కంప్యూటర్‌ని కబాడీకి, అంటే పాత ఇనుప సామాన్ల వాడికి, వేసేస్తామంటున్నారు. మన అంటే ఏదో నీకు చెప్పక్కర్లేదు. ఇక్కడి ఇనుప గని ఆఫీసులో కిటికీకి తడిగుడ్డ కట్టిన గదిలో, ఎర్రదుమ్ము తుడుచుకుంటూ మనిద్దరం ఒకే కీబోర్డు మీద అసెంబ్లీ భాషలో ప్రోగ్రాం రాయడం నేర్చుకున్న ఆ రెండు ఫ్లాపీల పెట్టె. ఆఫీసుకి కొత్తవి వచ్చాయి, దీన్ని తుక్కు ఇనుము పక్కన పెట్టారు. దాని ముందు కూర్చునే కదా నువ్వు "మా ఇంట్లో ఒక చెల్లెలుంది, చూస్తావా" అన్నావు. అప్పుడు నేను ప్రోగ్రాంలో తప్పొచ్చి తల పట్టుకుని ఉన్నాను. నువ్వు అడిగింది సగం విని సరే అనేశాను. ఈ సంగతి నీ చెల్లెలికి ఇప్పటికీ తెలియదు.

క్లబ్బు సెక్రటరీ కాళ్ళావేళ్ళా పడి దాన్ని క్లబ్బుకి మోయించాను. శనివారం తంబోలాకి అంకెలు తీసే చెక్క బిళ్ళల్ని చెదలు తినేశాయిలే. ఇక నుంచి కంప్యూటరే అంకెలు తీస్తుందని మాటిచ్చాను. విశ్వకర్మ పూజ దాకా చూస్తానన్నాడు. పనికొస్తే క్లబ్బులో ఉంటుంది, లేకపోతే కబాడీకే.

తంబోలా నువ్వున్నప్పటి లాగానే. ఒక్కో క్వార్టర్‌కి ఒక అట్ట టికెట్, అదే ఎప్పటికీ. అంకె పిలవగానే దాని మీద చింతగింజ పెట్టుకోవాలి. ముందు ఎవరి అట్ట నిండితే వాళ్ళకి ఫుల్ హౌస్, ఒకటే ప్రైజు. నీ దగ్గర అంకెల్ని పేకముక్కల్లా కలిపి తీసే ప్రోగ్రాం ఉండాలి కదా. కాగితం మీద రాసి పంపు, నేను కొట్టుకుంటాను.

ఇట్లు,
నీ బావ
రామనర్సయ్య

తా.క.: నీ చెల్లెలు వెంకమ్మ పక్కనే నిలబడి రాయమంటోంది. "నన్ను ఈడ దించి తను హైదరాబాదు పోయిండు. మళ్ళ ఒక్కసారి తొంగి చూసిండా? ఎప్పుడొస్తడో అడుగు." అడిగాను.

*

హైదరాబాదు,
జూన్ ఆఖరు

రామనర్సయ్య బావకి శుభాకాంక్షలతో భూషణం,

నీ ఉత్తరం చదివి నేను భోజనం కూడా సరిగ్గా చెయ్యలేదు. ఆ పెట్టెని తుక్కులో వెయ్యడానికి వాళ్ళకి చేతులెలా వచ్చాయి? స్విచ్ వెయ్యగానే అది చేసే గరగర ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఇక్కడ నా కొత్త కంప్యూటర్ చప్పుడే చెయ్యదు, ఇంటికొచ్చిన కొత్త అల్లుడిలా ముభావంగా ఉంటుంది.

ప్రోగ్రాం రాసి జత చేశాను. చూసుకుని కొట్టు. అయితే ఒక మాట. రాసినదాన్ని యంత్రభాషలోకి మార్చడానికి నువ్వింకా ఆ పాత మాస్మ్ పట్టుకునే వేలాడుతున్నావని నాకు తెలుసు. ఒకే ప్రోగ్రాంని అటు ఒకసారి ఇటు ఒకసారి చదువుతుంది, తర్వాత ముక్కల్ని అతికే లింకర్ ఫ్లాపీ పెట్టమంటుంది, మధ్యలో నువ్వు ఫ్లాపీలు మార్చలేక చావాలి. నేను అదే పని చేసే కొత్త టాస్మ్‌కి మారాను. చెప్పిన పని టకీమని చేస్తుంది. రోజులు మారాయి బావా, నువ్వూ మారు.

ఉంటాను,
భూషణం

తా.క.: రావడానికి సెలవు దొరకడం లేదని చెల్లెలికి చెప్పు. నిజానికి దొరుకుతుంది. కానీ బస్సులో భద్రాచలం, కోంట, దోర్నపాల్ మీదుగా అంత దూరం అంటే నడుముకి ధైర్యం చాలడం లేదు. ఈ రెండో మాట చెప్పకు.

*

బచేలి,
జూలై, ఎడతెగని వాన

బావకి,

రెండో మాట చెప్పలేదు. కానీ ఉత్తరం బల్ల మీద వదిలేశాను, తనే చదువుకుంది. దోర్నపాల్ మా ఊరు, అక్కడ దిగి టీ తాగితే ఏ నడుమైనా సర్దుకుంటుందని నా తరఫున కూడా రాస్తున్నాను.

నీ ప్రోగ్రాం మొత్తం కొట్టాను. మాస్మ్‌తోనే. నువ్వన్నట్టు తీరిగ్గానే చేస్తుంది. వెంకమ్మ పొయ్యి మీద అన్నం పెట్టి, గంజి వార్చి, నన్ను పిలిచేసరికి లింకర్ అడిగింది. అయితేనేం, ఎక్కడ తప్పుందో ఓపిగ్గా వేలు పెట్టి చూపిస్తుంది. వేగంగా తప్పు చేసేవాడికన్నా నిదానంగా ఒప్పు చేసేవాడు నయం కాదా?

మొదటి శనివారం క్లబ్బు హాలు కిటకిటలాడింది. తెర మీద అంకె రావడం, నేను దాన్ని తెలుగులో, హిందీలో, ఇక్కడి అడవి భాషలు హల్బీలో, గోండీలో పిలవడం, మగవాళ్ళు వరండాలో పేకాట ఆపి తొంగి చూడడం. ఫుల్ హౌస్ ఎవరికొచ్చిందో చెప్పు చూద్దాం. నీ చెల్లెలికి. స్టీలు బిందె. నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను.

రెండో శనివారం కూడా వెంకమ్మకే వచ్చింది. టిఫిన్ క్యారియర్. అందరూ చప్పట్లు కొట్టారు. మూడో శనివారం కూడా వెంకమ్మకే. ఈసారి మగవాళ్ళు చప్పట్లు కొట్టలేదు. ఆడవాళ్ళు మాత్రం కొట్టారు, పైగా పక్క క్వార్టర్ కమ్లీ ఎందుకో కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

ప్రోగ్రాం ఎవరు రాశారని సెక్రటరీ అడిగాడు. వెంకమ్మ అన్నయ్య అని చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ఇప్పుడు పేకాట బల్ల దగ్గర, చెల్లెలికి పుట్టింటి సారె కంప్యూటర్ లోంచి వస్తోందని అనుకుంటున్నారు. నీ ప్రోగ్రాం ఒకసారి చూసుకో.

ఇట్లు, తలదించుకుని తిరుగుతున్న
రామనర్సయ్య

తా.క.: నాలుగో శనివారం ప్రైజు ప్రెషర్ కుక్కర్ అట. వెంకమ్మకి రాకూడదని మొక్కుకున్నాను. ఏ మొగుడూ ఇలాంటి మొక్కు మొక్కి ఉండడు.

*

హైదరాబాదు,
ఆగస్టు

బావా,

నా ప్రోగ్రాంని అనుమానిస్తావని నేను కలలో కూడా అనుకోలేదు. ఇక్కడ నా కంప్యూటర్ మీద దాన్ని రోజూ నడుపుతున్నాను. ఏ రోజు అంకెలు ఆ రోజువే. ఒకనాడు మొదటి అంకె ఏడు, మర్నాడు అరవై రెండు. రామక్కని కూర్చోబెట్టి ఆడించాను. పాపం ఒక్కసారి కూడా గెలవలేదు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

తప్పు ప్రోగ్రాంది కాదు, నీ మాస్మ్‌ది. చెప్పింది ఒకటి, అది రాసింది ఇంకొకటి అయ్యుంటుంది. అందుకని టాస్మ్ ఉన్న ఫ్లాపీనే పార్సెల్ చేస్తున్నాను. దాంతో కొట్టి చూడు. ఆ తర్వాత నువ్వే నాకు క్షమాపణ ఉత్తరం రాస్తావు. ఇన్లాండు చాలు, కవరు ఖర్చు పెట్టకు.

సారె మాట నన్ను బాగా నొప్పించింది. మా ఆడపిల్లకి బిందె పెట్టాలంటే కొట్టుకెళ్ళి కొని పంపగలను. దానికి అసెంబ్లీ అక్కర్లేదు.

ఇట్లు,
భూషణం

తా.క.: పార్సెల్ రామక్కే స్వయంగా తెల్లగుడ్డలో పెట్టి కుట్టింది, లక్క ముద్ర కూడా తనే వేసింది. భద్రాచలంలో ఊరగాయ జాడీ కుట్టినంత గట్టిగా కుట్టాను, దొంగ కూడా విప్పలేడు అంటోంది.

*

బచేలి,
ఆగస్టు ఆఖరు

బావకి,

దొంగేమిటి, నేనే విప్పలేకపోయాను. రామక్క గుడ్డని ఫ్లాపీకి పెట్టి కుట్టింది. దేవుడి దయవల్ల సూది పై కవరుకే తగిలింది, లోపలి బిళ్ళకి తగల్లేదు. దారం బిగిసిపోయి బిళ్ళ తిరగడం లేదంతే. బ్లేడుతో ఒక్కో కుట్టూ కోసి, డ్రైవులో పెట్టి, కళ్ళు మూసుకుని ఎంటర్ కొట్టాను. చదివింది. రామక్క చేతి కుట్టుకి, ఆ పాత డ్రైవు ఓపికకి, రెండింటికీ దణ్ణం పెట్టాను.

ఒప్పుకుంటున్నాను, నీ టాస్మ్ వేగమే. వెంకమ్మ టీకి పాలు పెట్టి, అవి పొంగకముందే పని ముగించేసింది. మాస్మ్ అన్నం, టాస్మ్ టీ అని ఇంట్లో పేర్లు పెట్టుకున్నాం. కుక్కర్ కూడా వెంకమ్మకే వచ్చిందని నీకు రాయలేదు, ఇకనైనా ఆ వరస తెగుతుందన్న సంతోషంతో శనివారం క్లబ్బుకి వెళ్ళాను.

వెంకమ్మకే ఫుల్ హౌస్.

బావా, ఇక దాచకుండా అడుగుతున్నాను. ఎక్కడో ఒక మూల నీ చెల్లెలి టికెట్ అంకెలు పెట్టావా? నువ్విక్కడున్నప్పుడు ఆ అట్ట టికెట్లు నీకు తెలిసినవే కదా. ప్రేమతో చేశావేమో, తప్పు పట్టను. కానీ ఇక్కడ నా పరువు పోతోంది. "ఈ మెషీన్ క్లబ్బుది కాదు, నీ ఇంటిది" అని సెక్రటరీ అందరి ముందూ హిందీలో అన్నాడు. విశ్వకర్మ పూజ రోజే పెద్ద తంబోలా ఉంది, గని పెద్దలందరూ వస్తారు. ఆ రోజు కూడా మా క్వార్టర్‌కే వస్తే, కంప్యూటర్ కబాడీకి, నేను క్లబ్బు కమిటీ నుంచి బయటికి.

ఇంట్లో వెంకమ్మని అడిగాను, నీకేమైనా తెలుసా అని. "నాకేం ఎరుక? మీరు మీరు చదువుకున్నోళ్ళు, మీరు మీరు తేల్చుకోండ్రి. మా అన్నయ్యను రమ్మని రాయి, ఆయనొస్తే తెలుస్తది" అంది.

ఇట్లు,
రామనర్సయ్య

తా.క.: ఇన్ని గెలిచింది కదా, వంటింటి అలమరాలో ఒక్క కొత్త గిన్నె కూడా కనిపించడం లేదు. అటక మీద పెట్టి ఉంటుంది.

*

హైదరాబాదు,
సెప్టెంబరు

రామనర్సయ్యకి,

బావా అని రాయడానికి ఇవాళ చెయ్యి రావడం లేదు, ఆఖర్న రాస్తాను.

నా మీద ఇంత నింద వేశాక ఊరుకుంటానా? నువ్వు మాస్మ్‌తో కొట్టిన ఫ్లాపీ పంపమని అడిగితే ఇంకో నెల పోతుందని, ఇక్కడే స్నేహితుడి మాస్మ్ తెచ్చి రెండింటితోనూ కొట్టాను. రెండు ఫలితాల్నీ కాగితం మీద అచ్చు తీసి, నేల మీద పరిచి, రామక్క ఒకటి చదువుతుంటే నేను ఇంకొకటి చూశాను. మొదటి నుంచి చివరి దాకా అదే యంత్రభాష. అన్నంగా వండినా టీగా కాచినా కుండలో తేలింది ఒకటే. కాబట్టి మాస్మ్ తప్పు లేదు, టాస్మ్ తప్పు లేదు, నా ప్రోగ్రాం తప్పు అసలే లేదు. ఇక మిగిలింది నువ్వే.

నిజం చెప్పు. అంకెలు పిలిచేది నువ్వు. తెర చూసేది నువ్వు ఒక్కడివే. వెంకమ్మని సంతోషపెట్టడానికి తెర మీద ఒకటుంటే నోటితో ఇంకొకటి పిలుస్తున్నావేమో. పెళ్ళాం మీద ప్రేమ మంచిదే, దానికి నన్ను దొంగని చెయ్యడం ఎందుకు?

ఉత్తరాలతో ఇది తేలదు. పూజకి వస్తున్నాను. నీ పక్కన కూర్చుని నా కళ్ళతో చూస్తాను.

బావా, ఉంటాను.
భూషణం

తా.క.: నేను వస్తున్నది నీ కోసం కాదు, టాస్మ్ పరువు కోసం.

ఇంకో తా.క.: వెంకమ్మకి చెప్పకు, సెలవు దొరకలేదన్న మాట మీద ఇంకా ఉన్నాను. నడుముకి బెల్టు కొన్నాను.

*

హైదరాబాదు,
సెప్టెంబరు ఆఖరు

ప్రియమైన బావకి,

క్షేమంగా చేరాను. దోర్నపాల్‌లో దిగి టీ తాగాను. నువ్వన్నది నిజమే, నడుము సర్దుకుంది.

బస్సులో దారి పొడుగునా నవ్వుకుంటూనే వచ్చాను. పక్కన కూర్చున్న పెద్దాయన నాకు దిష్టి తీయించుకోమని సలహా ఇచ్చాడు. ఎలా నవ్వకుండా ఉంటాం చెప్పు. పూజ రోజు పంతులు మన పెట్టె తెరకి కుంకుమ పెట్టి, డ్రైవు నోట్లో అక్షింతలు వెయ్యడం, మనిద్దరం వెంకమ్మ తలపిన్నుతో ఒక్కో గింజా బయటికి తియ్యడం, సెక్రటరీ వెనక నిలబడి గడియారం చూడడం.

తర్వాత నువ్వు స్విచ్ వేశావు. అదే గరగర. ఎర్రదుమ్ము వాసన కూడా అదే. తెర మీద తేదీ అడిగింది. నువ్వు చూడను కూడా చూడకుండా ఎంటర్ కొట్టావు. టైం అడిగింది. ఈసారి నా వేలు ఎంటర్ మీద పడింది. పాత రోజుల్లో మనిద్దరం అలాగే కొట్టేవాళ్ళం కదా, తేదీ నీది, టైం నాది. చెయ్యి వెనక్కి తీసుకుంటుంటే అప్పుడు కనిపించింది నాకు. మంగళవారం, జనవరి ఒకటి, 1980.

దాని లోపల బ్యాటరీ లేదు బావా. స్విచ్ ఆపగానే అది రోజుల్ని మర్చిపోతుంది. మళ్ళీ వేస్తే మొదటి నుంచి మొదలు. మనం తేదీ చెప్పాలి, మనం ఎప్పుడూ చెప్పలేదు. నా ప్రోగ్రాం తేదీనీ గంటనీ చూసి అంకెల్ని కలుపుతుంది. స్విచ్ వేసిన మొదటి గంట దానికి ఎప్పుడూ సున్నా గంటే, ఇక తేదీ కూడా మారకపోతే వరస మారదు. మీ అట్ట టికెట్లూ మారవు. అంటే ఇన్ని శనివారాలూ అది ఒకే ఆట. నా ఇంటి కంప్యూటర్‌కి బ్యాటరీ ఉంది కాబట్టి ఇక్కడ రోజుకో ఆట.

ఆ రోజు తేదీ సరిగ్గా కొట్టాక ఫుల్ హౌస్ కమ్లీకి వచ్చినప్పుడు సెక్రటరీ మొహం వెలగడం, పెట్టె క్లబ్బులోనే ఉంటుందని అక్కడికక్కడే ప్రకటించడం, నువ్వు నా భుజం మీద తల పెట్టడం, ఇవన్నీ మర్చిపోలేను. నీకు మాస్మ్, నాకు టాస్మ్. ఇక మీదట ఆ గొడవ లేదు. రెండూ పాపం మనం చెప్పిందే చేశాయి.

నన్ను ఇంకొకటి కూడా కలచివేసింది. మనం ఆ గదిలో కూర్చున్న రోజులన్నీ, నువ్వు వెంకమ్మతో పెళ్ళికి సరే అన్న రోజుతో సహా, ఆ పెట్టెకి ఒకటే రోజు. దానికి మనం ఇంకా వయసు మీదే ఉన్నాం.

ప్రేమతో,
భూషణం

తా.క.: నిన్ను అడగాలనుకుని మర్చిపోయాను. ప్రతి శనివారం అవే అంకెల్ని అదే వరసలో నీ నోటితో నువ్వే పిలిచావు కదా. అనుమానం రాలేదా?

*

బచేలి,
అక్టోబరు, వానలు వెనకబడ్డాయి

బావకి,

అనుమానం ఎలా వస్తుంది? నాలుగు భాషల్లో పిలవాలి. ఒక అంకెని గోండీలో గుర్తు తెచ్చుకునేసరికి వెనకటి అంకె తెలుగులో కూడా గుర్తుండదు. నాకు రాలేదు సరే, ఎవరికి వచ్చిందో చెబుతాను, కూర్చుని చదువు.

నీ బస్సు మలుపు తిరిగాక వెంకమ్మ చాలాసేపు అక్కడే నిలబడి, కళ్ళు తుడుచుకుని, నవ్వడం మొదలుపెట్టింది. ఏమిటని అడిగాను.

"రెండో శనివారమే ఎరుక నాకు" అంది. "మొదటి అంకె నలభై ఏడు. పోయిన వారం కూడా నలభై ఏడే. తర్వాత పదమూడు, అది కూడా అంతే. మూడో వారం నువ్వు పిలవకముందే నేను గింజలు పెట్టేసుకున్న. కమ్లీ చూసి నవ్వు ఆపుకోలేకపోయింది."

అంటే ఆడవాళ్ళందరికీ తెలుసు బావా. పేకాట ఆడే మగవాళ్ళకీ, అంకెలు పిలిచే నాకూ తప్ప. మరి ఎవరూ ఎందుకు గొడవ చెయ్యలేదని అడిగాను. ప్రైజు ఏ వారానికి ఆ వారం వంతు ప్రకారం ఒక్కో ఇంటికి పోతోందట. బిందె కమ్లీ ఇంట్లో ఉంది, క్యారియర్ ఇంకెవరిదో వంటింట్లో ఉంది. మా అటక మీద సాలెగూళ్ళు తప్ప ఏమీ లేవు. నిన్న కమ్లీ ఇంటికి మజ్జిగ తాగడానికి వెళ్తే ఆ బిందెలోంచే నీళ్ళు ముంచి ఇచ్చింది.

నాకు కోపం వచ్చింది. నా పరువు పోతుంటే, పెట్టె కబాడీకి పోతుంటే నోరెందుకు విప్పలేదు అన్నాను. అప్పుడు తను నా మొహం చూడకుండా చెప్పింది, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"ఎన్నిసార్లు రమ్మని రాయించిన? వచ్చిండా? సెలవు లేదన్నడు, నడుమన్నడు. నాకు బాగ లేదన్నా మందులు పోస్టుల పంపేటోడు. ఆ అన్నమో టీయో, దాని పరువు పోతుందంటే మాత్రం బెల్టు కట్టుకుని ఉరికొచ్చిండు. నేను రెండో వారమే చెప్తే మీరిద్దరు ఉత్తరాలల్లనే తేల్చుకుందురు. మా అన్నయ్య మొహం నేను చూసేదాన్నా?"

దీనికి జవాబు నీ దగ్గర ఉంటే రాయి. నాకైతే మనిద్దరినీ తను మనకన్నా బాగా చదివిందనిపించింది, ఒప్పుకోవడానికి కాస్త సిగ్గుగా ఉంది.

ఇట్లు,
నీ బావ
రామనర్సయ్య

తా.క.: కింద వెంకమ్మ తన చేత్తోనే రాస్తానంది. నన్ను చూడొద్దని చెయ్యి అడ్డం పెట్టుకుని రాస్తోంది. అంటించి ఇస్తుందట, పోస్టు చెయ్యడం వరకే నా పని.

అన్నయ్యకు వెంకమ్మ దండాలు. నువ్వు పోయినంక మొన్న శనివారం ఆయన మళ్ళ తేదీ అడిగితే చూడకుండ ఎంటర్ కొట్టిండు, టైం అడిగితే ఎంటర్ కొట్టిండు. చేతికి అలవాటైంది కదా, పోదు. మొదటి అంకె నలభై ఏడు వచ్చింది. నేను చూసిన. ఏమీ అనలే, గింజ పెట్టుకున్న. ఈసారి వదినను కూడా తీసుకుని రా.